గొడవపడే ఇల్లు

ఆమె వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తుండగా ముందుగదిలో గొడవ మొదలైంది.

"నా కుట్టుమిషను మీద మీ స్క్రూలేంటండీ? ఎవరి చొక్కాలోనో కలిపి కుట్టేస్తాను, చూస్తూ ఉండండి!" అంది వదిన.

"కుట్టేయ్. నువ్వు కుట్టిన వాటిలో గట్టిగా ఉండే చొక్కా అదొక్కటే అవుతుంది" అన్నాడు అన్నయ్య.

వదినంటే ఆమె మొగుడికి సొంత అక్క. బట్టలు కుడుతుంది. ఆవిడ భర్తే ఈ అన్నయ్య, ఫ్యాన్లు బాగుచేస్తాడు. మరదలి మణికట్టు వాచిందని తెలియగానే వదినే వచ్చి, తమ్ముడి ఎదుటే ఆమెను వెంటబెట్టుకుని తెచ్చేసింది. ఆదివారం వచ్చి తీసుకెళతానని మొగుడు ఫోన్ చేశాడు. ఆమె సరేననీ అనలేదు, కాదనీ అనలేదు. సంచి మాత్రం సర్ది పెట్టుకుంది.

ముందుగదిలో గొంతులు పెరిగాయి. ఆమె చేతులు వాటంతటవే కదిలాయి. గ్లాసులు, పళ్ళేలు, గరిటెలు, కత్తిపీట అన్నీ పోగేసి బియ్యం డబ్బా వెనక్కి తోసి, పైన దుప్పటి కప్పింది. పక్కింటికి వినబడకుండా కిటికీ మూసింది, కుళాయి తిప్పింది. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. 'కాపురమన్నాక గిన్నెలు ఎగరవా? మీ మామయ్య కాలంలో ఇత్తడివి. నీ అదృష్టం, ఇవి స్టీలువి' అనేది అత్తగారు. 'నువ్వు ఎదురు చెప్పకపోతే నేనెందుకు కొడతాను?' అనేవాడు మొగుడు. రెండూ నిజమేననుకుంది ఇన్నాళ్ళూ. అన్ని ఇళ్ళూ ఇంతే, తలుపులు వేసి ఉంటాయి కాబట్టి తెలియదు, అనుకుంది.

ముందుగదిలోంచి ఏదీ ఎగిరిరాలేదు. నవ్వు వినబడింది.

"పిల్లా, ఆకలి దంచేస్తోంది. పళ్ళేలేవే?" అంటూ వచ్చింది వదిన.

ఆమె బియ్యం డబ్బా వైపు వేలు చూపించింది. వదిన దుప్పటి ఎత్తింది. వెనకే వచ్చిన అన్నయ్య "దొంగలేమైనా..." అనబోయి, అర్థమై ఆగిపోయాడు. ఆమెకి కాస్త దూరంగా నేల మీద కూర్చున్నాడు.

"మేం అరుచుకుంటాం తల్లీ. అరుపుతో సరి. ఆ తర్వాత అన్నాలే."

ఆమె అడిగింది. "మరి గెలిచిందెవరు?"

"నేనే!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఫక్కున నవ్వేసింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. వదిన మాత్రం తుడుచుకోవడం మరిచిపోయింది.

మర్నాడు అన్నయ్య కూరలో ఉప్పెక్కువైందన్నాడు. "ఎక్కువ కాలేదు" అందామె. ఓ అడుగు వెనక్కి వేసింది. ఆయన ఇంకో ముద్ద తిని, "అవునేమోలే" అన్నాడు. అంతే! అంతకు మించి ఏమీ జరగలేదు. ఆ సంబరం పట్టలేక రెండు రోజులు అన్నిటికీ కాదంది. వాన రాదంది, గడియారం తప్పంది, వదిన కత్తిరించిన కాలరు వంకరంది.

"ఒక గయ్యాళి చాలదని ఇంకొకటి!" అని మురిసిపోయాడు అన్నయ్య.

ఆదివారం మొగుడు వచ్చాడు. కుర్చీలో కూర్చుని, ఆమె వైపు చూడకుండానే, "సంచి తీసుకురా, పోదాం" అన్నాడు. ఏ మాటైనా ఆఖరిది ఎప్పుడూ అతనిదే.

"నేను రాను" అందామె. అతనికి వినబడలేదేమోనని ఇంకోసారి అంది. "రాను."

"అబ్బో, నోరొచ్చిందే! అక్కా, నువ్వైనా బుద్ధి చెప్పు."

"తమ్ముడు తమ్ముడే, తప్పు తప్పే" అంది వదిన, మిషను ఆపకుండా. "చెప్పాల్సిన బుద్ధి నీకేరా. కొట్టడం మానడం నేర్చుకో. ఈ పిల్ల తిరిగి వస్తుందని కాదు, నువ్వు మనిషివి కావడానికి."

అతను లేచి నిలబడ్డాడు. ఎవరైనా భయపడతారేమోనని ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. అన్నయ్య స్క్రూ బిగించుకుంటున్నాడు. ఆమె అతని కళ్ళలోకే చూస్తోంది.

అతను చెప్పులేసుకుని, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయాడు.