పద్నాలుగో ఊరు

ఆర్లిస్ టాకెట్ మా కాలేజీకి బాస్కెట్‌బాల్ కోచ్‌గా వచ్చేనాటికి ఆయనకు అరవై నిండాయి. కెంటకీ కొండల్లో ఒక హైస్కూల్లో మొదలుపెట్టి, ముప్పై ఆరేళ్లలో పదమూడు చోట్ల పనిచేశాడు. ఆర్కన్సాలో రెండేళ్లు, విచితాలో మూడేళ్లు, ఫిన్లాండులో ఒక చలికాలం. యాకిమాలో ఆయన జట్టు సీజను మధ్యలోనే మూతబడింది. ఓడిపోయినందుకు కొందరు పంపేశారు, గెలిచినా ఇద్దరు పంపేశారు.

నేను ఆయన కింద సహాయ కోచ్‌ని. పేరు లేన్. పుట్టిందీ పెరిగిందీ నెబ్రాస్కాలో ఈ ఊళ్లోనే.

చేరేముందు కాలేజీ ప్రెసిడెంటు ఆయనకు భోజనం పెట్టి, "ఇక ఇక్కడే రిటైరవ్వండి" అన్నాడు. ఆ మాట నమ్మి భార్యాభర్తలు జీవితంలో మొదటిసారి ఇల్లు కొన్నారు. భార్య నోరీన్ దొడ్లో ఆస్పరాగస్ అనే కూరమొక్క నాటింది. అది మూడో ఏటగాని కోతకు రాదు.

"మూడేళ్లు కదలనని ఈ నేలకి మాటిచ్చాను లేన్. నన్ను అబద్ధాలకోరుని చెయ్యొద్దని మీ కోచ్‌కి చెప్పు" అని నవ్వింది.

రెండో ఏడాది ఏప్రిల్‌లో కోచ్, నేను కీనన్ మబ్రీ అనే హైస్కూలు కుర్రాణ్ణి మా జట్టుకు అడగడానికి ఒమాహా నగరం వెళ్లాం. ఎడమచేతివాటం. బంతి పట్టుకుంటే వాడికి తొందరనేదే ఉండదు. కాన్సస్‌లో మాకన్నా పెద్ద కాలేజీ వాణ్ణి పిలుస్తోంది. తల్లి వెర్నిటా ఆస్పత్రిలో బట్టలుతికే విభాగంలో పనిచేస్తుంది. చర్చి నుంచి అప్పుడే వచ్చి, టోపీ అయినా తీయకుండా మాకు చిలగడదుంప కేకు పెట్టింది.

"తినండి కోచ్. మా పెద్దోణ్ణి ఆటకని తీసుకెళ్లిన కోచ్ కూడా ఈ కుర్చీలోనే కూచుని రెండు ముక్కలు లాగించాడు. ఏడాది తిరక్కుండా ఫ్లోరిడా చెక్కేశాడు. ఆ తర్వాతొచ్చినోడు మావాణ్ణి బెంచీ మీంచి లేవనిస్తే ఒట్టు."

"చెక్కేసే వయసు దాటిపోయిందమ్మా నాకు" అన్నాడు కోచ్.

"వయసు సంగతెందుకులెండి. సూటిగా అడుగుతున్నా. వీడు చదివే నాలుగేళ్లూ ఉంటారా, ఉండరా?"

కోచ్ చేతిలో ఫోర్కు ఒక్క క్షణం ఆగింది. "ఉంటానమ్మా. ఇల్లు కూడా కొనుక్కున్నా."

కీనన్ కాన్సస్ వద్దనుకుని మాకు సరేనన్నాడు. తిరుగు దారిలో కోచ్ కారు నన్నే నడపమని కళ్లు మూసుకున్నాడు. అలిసిపోయాడనుకున్నాను.

నవంబరులో నాలుగో మ్యాచ్. కీనన్ బంతి కోసం ఎగిరి, దిగడం అవతలివాడి పాదం మీద దిగాడు. మోకాలు లోపలికి మెలిపడింది. ఆ చప్పుడు నాకు బెంచీ దగ్గరికి వినిపించింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఏడాది దాకా ఆట మాట ఎత్తొద్దన్నాడు.

"ఏడాదే కదా కోచ్, ఇంకా మూడేళ్లుంటాయి" అన్నాడు కీనన్ ఆస్పత్రి మంచం మీద నుంచి, మమ్మల్నే ఓదారుస్తున్నట్టు. కోచ్ కిటికీ వైపు తిరిగిపోయాడు.

జనవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం అందర్నీ జిమ్‌లోకి పిలిచారు. విద్యార్థులు చాలడం లేదని, మే నెలతో కాలేజీ మూసేస్తున్నామని ప్రెసిడెంటు కాగితం చూసి చదివాడు. తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. ఆటగాళ్లందరూ కోచ్ వైపు చూశారు. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

ఆయన గదిలోకి వచ్చాక అడిగాను. "మీకు ముందే తెలుసా?"

"కిందటి మార్చిలో ప్రెసిడెంటు చెప్పాడు. పెద్ద విరాళమేదో వస్తే గట్టెక్కుతామన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"మార్చిలోనా? అంటే మనం ఒమాహా వెళ్లకముందే!"

"చెప్తే జట్టే ఉండేది కాదురా. నీ ఉద్యోగం అప్పుడే పోయేది."

"నన్ను అడ్డం పెట్టుకోకండి కోచ్."

ఆయనతో నేనెప్పుడూ అలా మాట్లాడలేదు. ఆయన కుర్చీలో కూలబడి అన్నాడు: "పదమూడు ఊళ్లలో ఎవడో ఒకడు నా మొహంలోకి చూసి ఇదే మాట చెప్పాడు లేన్. ఎలా చెప్తే నమ్ముతారో నాకు తెలుసు. అందుకే చెప్పగలిగాను."

ఆ ఆదివారం మళ్లీ ఒమాహా వెళ్లాం. వెర్నిటా గుమ్మంలోనే నిలబడింది. మంచు పడుతోంది. లోపలికి రమ్మనలేదు.

"కాన్సస్ వాళ్లకి ఫోన్ చేశా. కుంటికాలోడు మాకెందుకన్నట్టు మాట్లాడారు."

"నేనూ అందరికీ చేస్తున్నానమ్మా, ఎవరో ఒకరు..."

"అది కాదు కోచ్. ఆ రోజు నా ఇంట్లో కూచుని తింటున్నప్పుడు, మీకు తెలుసా?"

తెలియదని అనొచ్చు. అంటే నేను కాదనేవాణ్ణి కాను. ఆయన "తెలుసు" అన్నాడు.

ఆమె తిట్టలేదు. తలుపు వేసుకుంది, అంతే. కోచ్ ఆ మూసిన తలుపు ముందు టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చివరికి నేనే చెయ్యి పట్టుకుని కారు దాకా తీసుకొచ్చాను.

ముప్పై ఆరేళ్ల పరిచయాలన్నీ తిరగేసి రోజూ ఫోన్లు చేశాడు. సగం మంది రిటైరయ్యారు, కొందరు పోయారు. ఎత్తినవాళ్లు "మోకాలు బాగయ్యాక చూద్దాం" అన్నారు. బాగయ్యాక చూసినవాళ్లు లేరు.

జూన్‌లో పశ్చిమ టెక్సస్‌లో ఒక స్కూలు ఆయన్ని ఆడపిల్లల జట్టుకు రమ్మంది. నోరీన్ రాలేదు.

"నువ్వెళ్లు ఆర్లిస్. పెట్టెలు సర్దే ఓపిక నాకు లేదు. ఈ ఇల్లు కొనేవాడూ లేడు."

సగం ఊరు అమ్మకానికే ఉంది. ఆయన రెండు పెట్టెలతో ఒక్కడే వెళ్లాడు. క్రిస్మస్‌కు వస్తానన్నాడు, రాలేదు. తర్వాతి ఏడు కూడా రాలేదు.

నేనిప్పుడు ధాన్యం గోదాములో లారీలు తూకం వేస్తున్నాను. కిందటి నెల పనిమీద ఒమాహా వెళ్లి, కీనన్ పనిచేసే సరుకుల గిడ్డంగికి పోయాను. వాడు చదువు మళ్లీ మొదలుపెట్టలేదు. చలికి మోకాలు వాస్తుందట.

"కోచ్ ఎలా ఉన్నాడో ఏమైనా తెలుసా?" అన్నాను.

"ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు."

"ఏమంటాడు?"

"తెలీదు. నేను ఎత్తను."

అవతల ఎవరో పిలిచారు. వాడు ఒక పెట్టె ఎత్తుకుని, బరువంతా మంచి కాలి మీద వేసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.