అమ్మ పేరు కింద

“అది షికారు కాక మరేమిటి?” అన్నాడు భర్త, అద్దంలో గడ్డం గీసుకుంటూనే. “ప్రతి శనివారం మూడు గంటలు బయట తిరిగొస్తావు. ఎక్కడికెళ్లావని ఏనాడైనా అడిగామా?”

ఈ మాటకి ముందే పది మాటలైపోయాయి. ఆమె వంటగట్టు దగ్గర నిలబడి డబ్బాలకు మూతలు బిగిస్తోంది. అడిగింది ఒక్కటే. శనివారం మూడింటికి పని దిగాక, ఆరింటి దాకా తనను వదిలెయ్యమని. సరుకుల సంచి లేకుండా.

“బరువులు మోసుకొస్తే షికారా?” అంది.

“మా రోజుల్లో అదీ లేదమ్మాయ్,” అంది అత్త, కుర్చీలోంచి. “ఇల్లు కదలనిస్తేగా!”

కూతురు ఫోనులోంచి తలెత్తకుండానే కల్పించుకుంది. “అమ్మలకి షాపింగే థెరపీ అటమ్మా. ఇందులో డాక్టరే చెప్తోంది.”

“ఆ డాక్టరు సంచి ఎవరు మోస్తారో కనుక్కో.”

భర్త మొహం తుడుచుకుని బయటికొచ్చాడు. “సరే, ఆ మూడు గంటలూ ఏం చేస్తావ్?”

“ఏమీ చెయ్యను.”

“ఏమీ చెయ్యకపోవడానికి బయటికెందుకు? ఇంట్లోనే చెయ్యకు!”

తన హాస్యానికి తనే నవ్వాడు. అత్తా నవ్వింది. అత్త అన్నం డబ్బా మూతను ఆమె బలమంతా పెట్టి బిగించింది. మధ్యాహ్నం ఆ ముసలి వేళ్లకి అది రాదని తెలుసు. రాకపోతే పోనీ అనుకుంది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి, మూత వదులు చేసి మరీ వెళ్లింది. అందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

“షికారు చీటీ మర్చిపోయావ్!” అంటూ కూతురు వెనకే వచ్చి, సరుకుల చీటీ ఆమె సంచిలో పడేసింది.

బట్టల దుకాణంలో ఆమెది కొలతలు సరిచేసే పని. ట్రయల్ గదుల పక్కన కుట్టుమిషను, మణికట్టుకి గుండుసూదుల దిండు, గోళ్లలో ఎప్పటికీ పోని సుద్దపొడి. అందరూ పిన్నులమ్మ అంటారు. ప్యాంట్ల అంచులు మడవడానికి మోకాళ్ల మీద కూర్చుని కూర్చుని అవి కాయలు కాశాయి. పద్దెనిమిదేళ్లుగా ఆమె లోకాన్ని నడుం కింది నుంచే చూస్తోంది.

ఆ రోజు మేనేజరు గుమ్మంలో కొత్త బోర్డు పెట్టించాడు. “అమ్మా, నీకోసం నువ్వు!” పైన బొమ్మలో ఒకావిడ రెండు చేతులూ గాలిలోకి ఎత్తి నవ్వుతోంది. ఒక్కో చేతికి మూడేసి సంచులు. పిన్నులమ్మ ఒక్క చూపులో కనిపెట్టేసింది. అన్నీ ఖాళీ సంచులే. బరువున్న సంచి చేతిని అలా లేవనివ్వదు.

మధ్యాహ్నం ఒక నర్సు వచ్చింది. రెండు మూడు వారాలకోసారి వస్తుంది. మూడు గౌన్లు తీసుకుని చివరి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఇరవై నిమిషాలైంది.

“లోపల కాపురం పెట్టిందా ఏమిటి? ఓసారి తట్టండి పిన్నులమ్మా,” అన్నాడు మేనేజరు.

తట్టింది. తలుపు ఓరగా తెరుచుకుంది. గౌన్లు మూడూ హ్యాంగర్లకే ఉన్నాయి. నర్సు బూట్లు విప్పేసి, స్టూలు మీద కూర్చుని, గోడకి తల ఆనించి ఉంది.

“ఇంకో ఐదు నిమిషాలమ్మా,” అంది మెల్లగా. “ఇంట్లో బాత్రూముకి గడియ పెట్టుకున్నా మా పిల్లలు తలుపు కిందనుంచి వేళ్లు దూరుస్తారు.”

పిన్నులమ్మ తలుపు దగ్గరికి లాగి, దానికి వీపు ఆనించి నిలబడింది. “పిన్నులు పెట్టి ఉన్నాయి సార్! కదిలితే గుచ్చుకుంటాయి!” అని కేకేసింది.

పావుగంట తర్వాత నర్సు ఒక గౌను పట్టుకుని బయటికొచ్చింది.

“కొలత చూసుకోలేదుగా?”

“ఎలాగూ వేసుకోను. ఊరికే కూర్చుంటే ఊరుకోరుగా? ఇది ఆ స్టూలుకి అద్దె.”

నవ్వుతూనే అంది. పిన్నులమ్మకి మాత్రం నవ్వు రాలేదు. కూర్చోవడానికి కూడా కొనాలా?

మూడింటికి సంచి తీసుకుని రోడ్డెక్కి, అలవాటుగా చీటీ విప్పింది. కూతురి ముత్యాల్లాంటి అక్షరాలు. నాన్న: రేజరు, మేజోళ్లు. నానమ్మ: తలనూనె, నొప్పుల మందు. నేను: షాంపూ, రంగు పెన్నులు. అమ్మ: కుక్కర్ రబ్బరు, గిన్నెల పీచు, నేల తుడిచే కర్ర. అమ్మ పేరు పక్కన చిన్న గుండె బొమ్మ కూడా వేసింది పిల్ల.

ఆ బొమ్మ దగ్గర ఆమె కాళ్లు ఆగిపోయాయి. వెటకారం చేసినా సహించేది. ఇది ప్రేమగా రాసింది!

పిల్లకి ఆరేళ్లప్పుడు ఇలా పేర్లు పెట్టి రాయడం నేర్పింది తనే. “అమ్మకేం కావాలి?” అని పెన్సిలు పట్టుకుని అడిగితే, అంట్లు తోముతూ, వెనక్కైనా తిరగకుండా “గిన్నెల పీచు” అంది. పిల్ల రాసుకుంది. పదేళ్లుగా రాస్తూనే ఉంది. తను అన్నది ఒక్కసారి. మరి ఈ పదేళ్లలో ఇంకొక్కసారి అడగడానికి ఆ ఇంట్లో ఎవరికీ నోరు లేదా?

కోపం మోకాళ్ల దగ్గర మొదలై గొంతు దాకా వచ్చింది. ఆమె బజారు వైపు తిరగలేదు.

వేళ కాని వేళ ఆమెను గుమ్మంలో చూసి ముగ్గురూ తలలెత్తారు.

“అప్పుడే అయిపోయిందా షికారు?” అన్నాడు భర్త.

ఆమె సంచిని బల్ల మీద పెట్టింది. చీటీ తీసి, జేబులోని నీలం సుద్దముక్కతో తన పేరు కింద ఉన్న మూడింటినీ కొట్టేసి, సంచిలో వేసింది.

“ఇక నుంచి శనివారం సరుకులు మీ ముగ్గురివీ. వంతులేసుకుంటారో, కలిసి వెళ్తారో మీ ఇష్టం,” అంది. గొంతు పెంచలేదు. “నేను ఆరింటికి వస్తాను.”

“ఉన్నట్టుండి ఇదేమిటి? ఇప్పుడెక్కడికి?”

“షికారుకి.”

“మరి టీ?” అంది అత్త.

“పాలు ఫ్రిజ్జులో ఉన్నాయి అత్తయ్యా.”

కూతురు చీటీ తీసి చూసింది. గుండె బొమ్మ కింద నీలం గీతలు. “అమ్మా, మరి నీకేం రాయను?” అని అడిగేసరికి మెట్ల మీద చెప్పుల చప్పుడు సగం కిందికి దిగిపోయింది.

బల్ల మీద సంచి నోరు తెరుచుకుని ఉంది. నాలుగు రంగుల దారాలతో నాలుగుసార్లు కుట్టిన దాని పిడి, లోపల చెయ్యి లేకపోయినా, ఆమె పిడికిలి ఆకారంలోనే వంగి ఉంది.