పుర్రచేతి కత్తెర

ఆవిడ మొగుడు చెడ్డవాడు కాదు. జాగ్రత్త మనిషి, అదే వచ్చిన చిక్కు. ఇల్లు ఖాళీ చేసిన రోజు పెళ్లాం కత్తెరను పాత తువ్వాలులో చుట్టి, పరుపు మధ్యలో పెట్టి, పరుపును చాపలా చుట్టి మూడు తాళ్లు బిగించాడు. "రైల్లో ఎవడైనా సంచీ ఎత్తుకుపోతే? ఇందులో అయితే దెబ్బ కూడా తగలదు," అన్నాడు. పరుపు లారీలోకి అన్నిటికంటే ముందు ఎక్కింది. ముందు ఎక్కింది చివర దిగుతుందన్న ముక్క అప్పుడు ఎవరికీ తట్టలేదు. పైగా ఆ లారీలో ఇంకో రెండు కుటుంబాల సామాను కూడా ఉంది. వాళ్ల ఊళ్లు దారిలోనే తగులుతాయి, వీళ్లది చిట్టచివర.

ఆవిడది పుర్రచేతి వాటం. దర్జీ అయిన నాన్న చిన్నప్పుడు ఆ చెయ్యి మాన్పించాలని నానా తంటాలు పడి, ఓడిపోయి, చివరికి కమ్మరి దగ్గర కూర్చుని ఎడంచేతికి తగ్గ కత్తెర చేయించాడు. ఇంట్లో దానికి ఒకటే నియమం. గుడ్డ తప్ప ఇంకేదీ కొయ్యకూడదు, కాగితం అసలే కూడదు, పదును చచ్చిపోతుంది. కూతురు ఆరేళ్లప్పుడు దాంతో రంగుకాగితం కోసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అమ్మ చేత దెబ్బ తింది. పిల్లకి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఆ దెబ్బ మరిచిపోలేదు.

దేశం ఈ చివర నుంచి ఆ చివరకి వాళ్లు రైలెక్కింది ఆవిడ ఉద్యోగం కోసమే. ఆవిడ కోసి పంపిన కోటు ఒకటి చూసి, కోట్లు కుట్టే కార్ఖానా మాస్టరు కటింగ్ బల్ల దగ్గర చోటుంది రమ్మన్నాడు. ఆ మాట పట్టుకుని మొగుడు బడిబస్సు నడిపే పని మానేశాడు. అత్తగారు ఒక్కగానొక్క చెల్లెల్ని వదిలి వచ్చింది. ఆ బల్ల దగ్గర నిలదొక్కుకుంటేనే ఊరు కాని ఊళ్లో వాళ్ల నలుగురి బతుకూ.

మొదటిరోజు బల్ల మీద నీలం ఉన్నిగుడ్డ రెండు పొరలుగా పరిచి, సుద్దగీతలు గీసి ఉంది. వెనక ఇరవై కుట్టుమిషన్లు. మెడలో టేపు వేసుకున్న మాస్టరు ఆవిడ చేతికి కత్తెర ఇచ్చాడు.

"నాది ఎడంచెయ్యండీ. నా కత్తెర లారీలో వస్తోంది."

"ఎప్పుడొస్తుందమ్మా?"

"రేపొచ్చేస్తుందండీ."

"సరే, ఇవాల్టికి దీంతో కానియ్యి."

కుడిచేతి కత్తెర ఎడంచేత్తో పట్టుకుంటే రెండు రెక్కల మధ్యా సందు వస్తుంది. గుడ్డ తెగదు, మధ్యలో మడతపడి నలుగుతుంది. కుడిచేత్తో పట్టుకుందామంటే ఆ చెయ్యి మాట వినదు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఆరితేరిన మనిషి పలక పట్టిన పిల్లలా పెదవి కొరుక్కుంటూ కోసింది. సాయంత్రానికి మిగతావాళ్లవి తలా పన్నెండు కోట్లయ్యాయి, ఈవిడవి మూడు. అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయి.

"ఆడలేక మద్దెల ఓడందట," అన్నాడు పక్క బల్ల కళ్లజోడాయన. మెల్లగానే అన్నాడు, వినపడేంత మెల్లగా. ఆయన చోట తనున్నా అదే మాట అనుకునేది. అందుకే ఆవిడకి ఏడుపు ఆగలేదు.

ఇంటికి వెళ్తూ మూడు కొట్లు తిరిగింది. "ఎడంచేతికి వేరే కత్తెరలుంటాయా అమ్మా?" అని మూడో కొట్టాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

లారీ డ్రైవరు మాత్రం ఎప్పుడు ఫోను చేసినా మర్యాదగానే పలికాడు. "దారిలోనే ఉన్నామక్కా." పాపం, అందులో అబద్ధం లేదు. లారీ దారిలో కాక ఇంకెక్కడుంటుంది? రెండోరోజు టైరు పగిలిందన్నాడు. మూడోరోజు, సామాను దించుకోవాల్సిన వాళ్లు ఇంటికి తాళం వేసుకుని ఎటో పోయారన్నాడు. నాలుగు దుప్పట్లూ ఒక బకెట్టూ తప్ప ఏమీ లేని గదిలో మొగుడు ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు.

"నాదే తప్పు," అన్నాడు.

ఆవిడ దుప్పటి దులిపి పిల్ల పక్కన పరుచుకుంది.

మూడోరోజు మధ్యాహ్నం కత్తెర జారి కోటు ముందుముక్క గీత లోపలికి తెగింది. రెండు పొరలూ పాడయ్యాయి. అప్పటికే కోసిన ముక్కలు అందక మిషన్ల వాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మాస్టరు తెగిన ముక్క చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"నీ పనితనం మీద నాకు అనుమానం లేదమ్మా. కానీ ఇంతమందిని ఎన్నాళ్లని కూర్చోబెట్టను?"

మర్నాడు బల్ల దగ్గరికి కళ్లజోడాయన తమ్ముడు వచ్చాడు. ఈవిడకి మూల స్టూలు చూపించారు. కుట్టడం అయిపోయిన కోట్లకి వేలాడే దారాలు కత్తిరించాలి. దానికి వేలెడంత కత్తెర చాలు, ఏ చెయ్యైనా ఒకటే. వద్దని లేచిపోవచ్చు. లేచి ఎక్కడికి పోతుంది? కూర్చుని దారాలు కత్తిరించింది.

ఆ సాయంత్రమే లారీ వచ్చింది. పరుపు చివర దిగింది. మొగుడు తాళ్లు విప్పి తువ్వాలు మడతలు తీసి కత్తెర రెండు చేతులతో అందించాడు. దానికి ఒక్క గీత పడలేదు. "చేతులు కాలాక ఆకులు," అని అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లారి ఆవిడ కత్తెర తీసుకెళ్లి మాస్టరుకి చూపించింది. ఆయన తిప్పితిప్పి చూశాడు. "ఇంత మంచి సరుకు ఈమధ్య చూడలేదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇచ్చిన చోటు ఎలా లాక్కోనమ్మా? ఖాళీ అయితే ముందు నీకే చెప్తా."

ఆ తమ్ముడికి పాతికేళ్లు. మనిషి గుండ్రాయిలా ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి పిల్ల కొత్త బడి పుస్తకాలకి అట్టలు వేసుకుంటోంది. కాగితం చేత్తో చించుతుంటే వంకర్లు పోతోంది.

"అమ్మా, వంటింటి కత్తెర ఏ పెట్టెలో ఉంది?"

ఆవిడ సంచీలోంచి తన కత్తెర తీసి ముందు పెట్టింది. పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దమ్మా. అది గుడ్డకి."

ఆవిడ నేలమీద కూర్చుని కాగితం తన వైపు లాక్కుని కోసింది. ఈ ఊరొచ్చాక ఆవిడ చేతిలో గీత తప్పకుండా తెగిన మొదటిది అదే. గుమ్మంలో ఉన్న మొగుడు చూడలేక బయటికి వెళ్లిపోయాడు. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

"ఇంకా ఎన్ని పుస్తకాలున్నాయే?" అంది ఆవిడ.