పదిహేడో నంబరు

ఆ టీచర్ ట్రైనింగ్ కాలేజీలో అక్క చదివిన రెండేళ్లూ పాఠం చెప్పడానికి పిల్లలే లేరు. కోర్సు అన్నాక ఏదో ఒక బడికి పంపి పాఠాలు చెప్పించాలి కదా! ఏ బడీ వీళ్లను గడప తొక్కనివ్వలేదు. ఎందుకని అడిగే బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. ప్రిన్సిపాల్ మహా మాటకారి. ఖాళీ బెంచీలు చూపించి, "పిల్లలున్నారనుకుని చెప్పండి" అన్నాడు. అందరూ తలూపారు.

నలభై నంబర్లు పిలవడం, "ప్రెజెంట్ టీచర్" అని తామే పలకడం. పదిహేడో నంబరు అల్లరివాడని అక్కే కల్పించుకుంది. వెనక బెంచీలో కూర్చోబెట్టి, రోజూ వాణ్ణే తిట్టి, వాడికే లెక్క రెండోసారి చెప్పేది.

తీరా ఉద్యోగం వచ్చాక, సర్టిఫికెట్లు చూసే గుమస్తా జాబితా రెండుసార్లు వెతికి కళ్లజోడు తీశాడు. "మీ కాలేజీకి గుర్తింపు లేదమ్మా. ఏనాడూ లేదు." నోటికాడి కూడు నేలపాలైంది.

అప్పట్నుంచీ ఆ పదిహేడో నంబరు వాడు అక్క దగ్గరికి వస్తున్నాడు. బట్టలు మడతపెడుతుంటే వీపు వెనక సన్నగా, "ప్రెజెంట్ టీచర్." అక్కకు భయం కన్నా సిగ్గే ఎక్కువ. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఒక్క చెల్లికి తప్ప. చెల్లి నవ్వేసింది.

ఇప్పుడు ఆ చెల్లే అదే కాలేజీ దరఖాస్తు పట్టుకొచ్చింది.

"యాజమాన్యం మారిందక్కా. రేపటితో సీట్లయిపోతాయట."

"గుర్తింపుందా?"

"వస్తుందట. అప్లై చేశారట."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! పద, చూసొద్దాం."

గోడలకు కొత్త రంగు, లోపల అవే బెంచీలు. ఎవరో అమ్మాయి ఖాళీ గదిలో హాజరు పిలుస్తోంది. అక్కాచెల్లెళ్లు కిటికీ దగ్గర ఆగారు.

"పదహారు... ప్రెజెంట్ టీచర్." అమ్మాయి ఠక్కున తలెత్తింది. "పదిహేడూ! వెనక బెంచీలో ఏంట్రా ఆ గోల?"

చెల్లి దరఖాస్తు అక్కడే నాలుగు ముక్కలు చేసింది. "పోదాం అక్కా, పోదాం."

అక్క కదల్లేదు. ఇన్నేళ్లుగా వాడికి ఒక్క నిజమైన టీచరూ దొరకలేదు. కిటికీ ఊచలు పట్టుకుని, మొదటిసారి వాడితో మెల్లగా అంది.

"బడి లేదు నాన్నా. ఇంటికెళ్లిపో."

వెనక బెంచీ కిర్రుమంది.

"మా ఇల్లెక్కడ టీచర్?"

నంబరిచ్చింది, అల్లరిచ్చింది. వాడికి ఇల్లు కల్పించడం అక్క మరిచిపోయింది.