రోము వారసుల వరుస

సువర్ణ వరుసలో నిలబడి ఉంది. ఆమె ముందు ముగ్గురు, ఆ ముగ్గురి ముందు ఇనుప చువ్వల కిటికీ, కిటికీ అవతల ముఖం సరిగా ఆనని ఒక గుమాస్తా. ఇది హనుమకొండలోని తహసీల్దారు కచేరీ వరండా అని ఆమెకు తెలుసు, కానీ తల తిప్పితే వరండా చివరి మెట్లు సముద్రంలోకి దిగిపోతున్నాయి, ఆవలి ఒడ్డున మీనార్లు మంచులో తేలుతున్నాయి, అది ఇస్తాంబుల్ అనీ తెలుసు, రెండూ ఒక్కచోటే ఉండటం ఆమెకు వింతగా తోచడం లేదు. పక్కన లింగమూర్తి సార్ నిలబడి ఉన్నారు, నిరుడు వానల్లో కన్నుమూసిన లింగమూర్తి సార్, అదే తెల్ల చొక్కాలో, చంకలో అదే గొడుగుతో.

"ఎండల పడి వచ్చినవా బిడ్డా?" అంటారాయన. "యూనుస్ రాలేదా?"

ఆ పేరు వినగానే ఆమె చూపు తిప్పుకుంటుంది. యూనుసూ తనూ సార్ దగ్గర కలిసి చదువుకున్నారు, ఇప్పుడు ఒకే కాలేజీలో చరిత్ర చెబుతున్నారు. రోము సామ్రాజ్యానికి అసలు వారసులెవరన్న పుస్తకం రాస్తూ సార్ జీవితమంతా గడిపి, చివరి అధ్యాయం రాయకుండానే పోయారు. సార్ తీర్పు మాస్కో వైపేనని ఆమె పట్టు, కాదు, టర్కీ సుల్తాను వైపేనని యూనుస్ పట్టు. మాటా మాటా పెరిగి, "సార్‌ను నువ్వు అర్థం చేసుకోనేలేదు" అని ఒకరినొకరు అనుకుని, అప్పటినుంచి స్టాఫ్‌రూములో ఎదురుపడ్డా ముఖం తిప్పుకుపోతున్నారు. తెల్లవారితే ఆ పుస్తకం అచ్చువేసే వాళ్ల ముందు ఇద్దరూ కూర్చోవాలి. ఎవరి మాట నిలిస్తే వాళ్లే ఆ అధ్యాయం రాస్తారు, వాళ్లే సార్ శిష్యులు, రెండోవాళ్లు ఎవరూ కారు.

ఇదంతా సార్‌కు ఎలా చెప్పాలో తెలియక ఆమె తల దించుకుంటుంది. ఈలోగా కిటికీ దగ్గర గొడవ మొదలవుతుంది.

బొచ్చుటోపీ పెట్టుకున్న మాస్కో మనిషి చువ్వలు పట్టుకుని, "ఈ ఊరి చివరి రోము చక్రవర్తి తమ్ముని బిడ్డ మా ఇంటి కోడలు. వాళ్ల మతమే మా మతం. ఇంక వేరే వారసులెక్కడున్నరు?" అంటున్నాడు.

"కోడలైతే ఇల్లు రాసిచ్చినట్టా?" అంటాడు తలపాగా చుట్టుకున్న సుల్తాను మనిషి. "ఊరు గెలిచింది మేము, ఆ ఇంట్ల ఉన్నది మేము, పొయ్యి వెలిగించేది మేము. కైసర్, అంటే రోము చక్రవర్తి అని పేరు పెట్టుకున్నది మా దొర."

మూడోవాడు జర్మనీ మనిషి, గుడ్డలో చుట్టిన కిరీటాన్ని బిడ్డలా ఒళ్లో పెట్టుకుని, "మాకు రోము మతగురువు పోపు తన చేతులతోని పెట్టిండు" అని మాత్రం అంటూ ఉంటాడు, ఎవరూ వినకపోయినా.

గుమాస్తా తల ఎత్తకుండానే అడుగుతాడు. "రోము ఎప్పుడు చనిపోయింది?"

"మేం కోట గోడ ఎక్కిన నాడు" అంటాడు సుల్తాను మనిషి. "చావలేదు, మా ఊరికి మారింది" అంటాడు మాస్కోవాడు. "పడమట మీ కన్న వెయ్యేళ్ల ముందే పోయింది, మేమే లేపి నిలబెట్టినం" అంటాడు జర్మనీవాడు.

"ముందు అది తేల్చుకోని రండి, పోండి" అని గుమాస్తా చెయ్యి ఊపుతాడు. ముగ్గురూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటూనే మెట్లు దిగి, మోకాళ్ల దాకా, నడుముల దాకా సముద్రంలోకి నడిచిపోతారు. నీళ్లమీద కాసేపు కేకలు మిగిలి ఉంటాయి.

"తర్వాత!" అంటాడు గుమాస్తా. "నువ్వెవరి వారసురాలివమ్మా?"

"లింగమూర్తి సార్‌కు."

"ఆయన పోయిండా?"

సువర్ణ సార్ వైపు తిరుగుతుంది. పక్కనే ఉన్నారు, ఆయన చొక్కా నుంచి సబ్బు వాసన వస్తోంది, ఈ మనిషిని ముందుంచుకుని పోయారని ఎలా చెప్పడం?

"చెప్పు బిడ్డా, ఏం కాదు" అంటారు సార్ మెల్లగా. "నేను పోయిన గదా."

ఆమెకు ఏడుపు ముంచుకొస్తుంది. కిటికీ లేదు, గుమాస్తా లేడు, ఇద్దరూ పాత క్లాసురూములో ఉన్నారు, బల్లల కింద సముద్రపు నీళ్లు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేనని ఆమెకు తోస్తుంది.

"సార్, మీరు నాతో మాస్కో అనే అన్నరు గదా?"

"అన్న."

"మరి యూనుస్‌తోని?"

"సుల్తాను అన్న. నీతోని నీ వాదం, వానితోని వాని వాదం. లేకపోతే మీరు గంటలకొద్ది కొట్లాడేటోళ్లా? ఆ కొట్లాట వినుకుంట కూర్చుంటే నాకు అన్నం కూడ యాదికి రాకపోతుండె."

"అయితే మీ తీర్పేంది సార్?"

లింగమూర్తి సార్ గొడుగు బల్లమీద పెట్టి, చిన్నపిల్లవాడు పట్టుబడినట్టు నవ్వుతారు. "ఎన్నోసార్లు రాయబోయిన. రాసినంతసేపు ఒకటి అనిపిచ్చేది, చాయ్ తాగొచ్చేసరికి ఇంకోటి అనిపిచ్చేది. నాకు తెల్వలే బిడ్డా. నిజంగ తెల్వలే."

ఛాతీమీద నుంచి ఎవరో బరువు దించినట్టు ఆమె ఊపిరి ఒక్కసారిగా బయటికి వస్తుంది. "మరి ఆఖరుకు ఏం రాయాలె సార్?"

"మీ లొల్లే రాయుండ్రి. ఇద్దరు కూర్చోని."

ఇంకేదో అనబోతుండగా బయట మళ్లీ కేకలు లేస్తాయి, ఆ ముగ్గురూ తిరిగి వచ్చినట్టున్నారు, కానీ గొంతులు ఆడవాళ్లవి.

"నా బిందె ముందుగాల పెట్టిన!"

"నీది పెడితే నాదేమాయె? పొద్దుగాల నుంచి నిలబడ్డ!"

సువర్ణ కళ్లు తెరిచింది. తెల్లవారింది. కిటికీ కింద వీధిలో నీళ్ల ట్యాంకర్ ఆగి ఉంది, చుట్టూ బిందెలు. తలగడ తడిసి ఉంది, అయినా ఆమెకు నవ్వొచ్చింది. లేచి, ముఖమైనా కడుక్కోకుండా యూనుస్‌కు ఫోన్ చేసింది.

చాలాసేపటికి ఎత్తాడు. "సువర్ణా?" గొంతులో అనుమానం.

"సార్ నీతోని సుల్తాను అనే అన్నరు. నేను నమ్ముతున్న."

యూనుస్ నెమ్మదిగా అన్నాడు. "నీతో మాస్కో అనే అని ఉంటరు. నాకూ తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు, ఒప్పుకోబుద్ధి కాలేదంతే."

"అయితే రెండూ రాద్దాం. నీ వాదం నువ్వు, నా వాదం నేను. తీర్పు లేకుండనే."

"తీర్పు లేకుండనా?" అని యూనుస్ గట్టిగా నవ్వేశాడు. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది. "ఆయనకు మస్తు నచ్చుతుండె. ఆ లొల్లేంది, మీ ఇంటికాడ?"

"నీళ్ల ట్యాంకర్ వచ్చింది" అంది సువర్ణ కళ్లు తుడుచుకుంటూ. "చాయ్ పెడుతున్న, జల్ది రా. ఇద్దరం కలిసే పోదాం."