దుంపల గదిలో దీపం

మా కడుపుల్లో తిప్పింది మీ లైటు, మేనేజరు గారూ. మా పిన్ని చెయ్యి కాదు.

బంగాళాదుంపలు మాయమవుతున్నాయని మీకు అనుమానం. క్యాంటీన్ కొట్టుగదిలో మూటలు విప్పించి, బల్లల మీద పరిపించి, పగలూ రాత్రీ ఆరని లైటు పెట్టించారు. ఆ దుంపల కూర తిన్న రోజు కుట్టుమిషన్ల షెడ్డులో సగం మందిమి వాంతులు చేసుకున్నాం. వండిన మా పిన్నికి శుభ్రత లేదని వంటగది గడప తొక్కనివ్వలేదు.

"నిజం చెప్పు పిన్నీ, ఏం వేశావు?" అని ఇంటికొచ్చాక అడిగాను.

"నీ మొహం వేశాను. దుంపలు ఆకుపచ్చగా ఉన్నాయిరా. ముదరని కాయలేమోనని ఇంకాసేపు ఉడకబెట్టాను."

ఆ మాట బుర్రలో పురుగులా తొలిచింది. కొట్టుగదిలోకి దూరి చూశాను. అన్నీ ఒకే లారీలో వచ్చినవే. బల్ల మీదవి ఆకుపచ్చ, విప్పని మూటలోవి తెలుపు. ముదరడం బల్లను బట్టి ఉంటుందా? మూటలోంచి రెండు తెచ్చి, ఒకటి కిటికీలో పెట్టాను, ఇంకోదాని మీద కుండ బోర్లించాను.

"దుంపలకి కాపలా కాసేవాడికి పిల్లనెవరిస్తార్రా" అంది పిన్ని. అంటూనే రోజూ నాకంటే ముందు తనే కుండ ఎత్తి చూసేది. కిటికీలోది పచ్చబడింది. కుండ కిందది అలాగే ఉంది.

వ్యవసాయం పుస్తకం ఒకటి సంపాదించి కూడబలుక్కుంటూ చదివాను. బంగాళాదుంప కాయ కాదు, వేరూ కాదు. మట్టిలో ఉబ్బిన కాండం. దాని కన్నులు మొగ్గలు. వెలుతురు తగిలితే బయటపడ్డాననుకుని పచ్చబడుతుంది. ఎవరూ కొరక్కుండా లోపల విషం పెంచుకుంటుంది. ఉడికించినా ఆ విషం పోదు.

"ఇన్నాళ్ళూ నేను కాండం వండానా?" అని పిన్ని నవ్వింది. తర్వాత నెమ్మదిగా అంది: "చేదు తగిలిందిరా. అప్పుడే ఆపాల్సింది."

"ఆపితే ఊరుకునేవాళ్ళా?"

"షెడ్డంతా పస్తు పెట్టానని అప్పుడే గెంటేసేవాళ్ళు."

అందుకే చెబుతున్నాం. ఈ పూటే ఆ లైటు తీయించండి. పచ్చబడ్డవన్నీ పారబోయించండి, పశువులకు కూడా పెట్టొద్దు. మిగతావాటిని చీకటిగా, గాలి ఆడే చోట ఉంచండి. సరుకు బాగాలేకపోతే వండనని చెప్పే హక్కు వండే మనిషికి ఇవ్వండి. పిన్నిని అందరి ముందూ లోపలికి పిలవండి. పిలిచేదాకా మా మిషన్లు తిరగవు.