అంకె కింద గీత

ఆ ఫారంలో రెండే గడులు. చివరి ఏడాది ప్రాజెక్టుకి బిల్డింగు ప్లాను చేత్తో గీసి ఇచ్చేవాళ్ళు మొదటిదాంట్లో, కంప్యూటర్ మీద గీసేవాళ్ళు రెండోదాంట్లో టిక్కు పెట్టి, శుక్రవారం మధ్యాహ్నం లోపు పెట్టెలో వేయాలి. క్లాసులో ఇరవై ఆరుగురు. ఇరవై అయిదుగురు సోమవారమే కంప్యూటర్‌కి టిక్కు కొట్టేశారు. నబుకేరా ఫారం మాత్రం నాలుగు రోజులుగా సంచీలో నలుగుతోంది.

“నువ్వు ఎక్కడ పెడతావో జాజాకి తెలుసులే,” అన్నాడు పక్క బల్ల ముగెర్వా, గుడ్డు చుట్టిన చపాతీ నములుతూ. “నువ్వూ ఇటొచ్చేశావంటే ఆయన ఆ డ్రాయింగు బల్లల మీద అరటిగెలలు పెట్టుకుని అమ్ముకోవాలి.”

“నోరు మూసుకుని తిను.”

“నామీద అరుస్తావేం? చేత్తో గీసేవాళ్ళకి ఉద్యోగమిచ్చే ఆఫీసు కంపాలా మొత్తంలో ఒక్కటి చూపించు. రేపు నీకు కోడికూర నేనే పెట్టిస్తా.”

అలాంటి ఆఫీసు లేదని నబుకేరాకూ తెలుసు.

జాజా అంటే లుబ్వామా మాస్టారు. తాతయ్యని పిలిచినట్టు క్లాసంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. ముప్పై నాలుగేళ్ళుగా చేత్తో గీయడం నేర్పుతున్నాడు. ఈసారి ఒక్కరైనా ఆ గడిలో టిక్కు పెట్టకపోతే ఆ పాఠం ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ చెప్పేశాడు. ఆ సంగతి ఆయన నబుకేరా దగ్గర ఎత్తలేదు. రోజూ వరండాలో ఎదురైనప్పుడు, పెద్దవాళ్ళకి అక్కడ ఇచ్చే మర్యాదగా, ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పలకరిస్తుంది. ఆయన ఇంటి సంగతి, నాన్న సంగతి, వాన సంగతి వరసగా అడుగుతాడు. చివర్లో మాత్రం, “చెయ్యి ఎలా ఉంది?” అంటాడు. గీసే చెయ్యి గురించి ఆ ఒక్క ప్రశ్న మిగతా పిల్లల్ని అడగడు.

నబుకేరా నాన్న మసాకాలో తాపీమేస్త్రీ. ఆ ఇంట్లో ఏడో తరగతి దాటింది ఆమె ఒక్కతే. మొదటి ఏడాది సెలవుల్లో తను గీసిన ప్లాను ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తే ఆయన అటూ ఇటూ తిప్పి నవ్వాడు. “ఈ గీతలు మాకేం తెలుస్తాయే? మేం అంకె చూస్తాం, కట్టేస్తాం. అంకె తప్పు రాయకు, చాలు.”

ఆ మాట క్లాసులో చెబితే జాజా బల్ల మీద చరిచాడు. “విన్నారా? మేస్త్రీ అంకె చూస్తాడు!” అని ఆరోజే ఒక సంగతి నేర్పాడు. ప్లాను పూర్తయ్యాక ఇంజనీరు వచ్చి, దూలం మందం పెంచమంటాడు. గీత చెరపాలంటే పలచటి కాగితాన్ని బ్లేడుతో గీకాలి. ఎక్కువ గీకితే చిరుగుతుంది. అప్పుడు గీతని వదిలేసి అంకె మాత్రం మార్చి, దాని కింద చిన్న గీత కొట్టాలి. “అంకె కింద గీత కనిపిస్తే పైన బొమ్మ అబద్ధం, అంకె నిజం. రాసుకోండి.” అందరూ రాసుకున్నారు.

ఇప్పుడు ఈ ఫారాలు ఇచ్చిన వారమే బ్యాముకామా ఆమెకి కబురు పెట్టాడు. ఊళ్ళో ప్లాన్లు గీయించే పెద్ద ఆఫీసు ఆయనది. ఒక పాత కాగితాల చుట్ట చేతిలో పెట్టాడు. ఇరవై ఏళ్ళ కిందట ఒక హాస్టల్ స్కూలుకి కట్టిన భోజనాల హాలు. మూలన చిన్న అక్షరాల్లో లుబ్వామా పేరు.

“ఇలాంటి హాలే ముకోనో వైపు ఒకాయన కట్టుకుంటానంటున్నాడు. దీన్ని కంప్యూటర్లోకి ఎక్కించు. శుక్రవారం సాయంత్రానికి ఇచ్చావంటే సోమవారం నుంచి నువ్వు మా ఆఫీసు మనిషివి.”

“లెక్కలు మళ్ళీ చూస్తారా, సార్?”

“ఇరవై ఏళ్ళుగా నిలబడ్డదానికి మళ్ళీ లెక్కలేంటమ్మా? ఉన్నది ఉన్నట్టు దించు.”

శుక్రవారం పదకొండింటికి నబుకేరా రెండో గడిలో టిక్కు పెట్టి ఫారం పెట్టెలో వేసింది. తర్వాత ల్యాబులో కూర్చుంది. పాత ప్లానుని ఫొటోలా తెర మీదకి తెచ్చి దాని మీదే గీతలు దించుతోంది. గీత రెండు కొసల మీద నొక్కితే కొలత కంప్యూటరే రాసేస్తుంది. చేత్తో అయితే వారం పట్టే పని. మూడింటికల్లా మూడొంతులు అయిపోయింది.

హాలు మధ్య దూలం దగ్గర ఆమె వేలు ఆగింది. కాగితం మీద దాని మందం 450 మిల్లీమీటర్లు. కంప్యూటర్ రాసింది 300. కాగితం మీది అంకె కింద సన్నటి గీత ఉంది.

ఆమెకి గుర్తొచ్చింది. గుర్తొచ్చింది కాబట్టే లేచింది. జాజా గది వరండా దాటితే ఇరవై అడుగులు. ఒక్క మాట అడిగితే తేలిపోతుంది.

తలుపు తెరిచే ఉంది. ఆయన ముందు ఫారాల కట్ట ఉంది. ఒక్కొక్కటీ తీసి, చూసి, బోర్లించి పక్కన పెడుతున్నాడు. ఇంకా ఏడెనిమిది మిగిలాయి. లోపలికి వెళితే మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఇంటి సంగతి చెప్పాలి, నాన్న సంగతి చెప్పాలి. చివరికి, నీ చెయ్యి ఎలా ఉందని ఆయన అడుగుతాడు.

నబుకేరా చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేసింది. పాత కాగితం కదా, మరకేమో అనుకుంది. గీతని కొలిచి రాసిన కంప్యూటర్ ఎందుకు తప్పు చెబుతుంది అనుకుంది. 300ని అలాగే వదిలేసింది. అయిదింటికి ఫైలు ఇచ్చేసింది. మూలన ఇప్పుడు ఆమె పేరు.

ఏడు నెలల తర్వాత ముకోనో హాల్లో దూలం కింద ఆసరాగా నిలబెట్టిన కర్రలు తీస్తుండగా కప్పు కూలింది. ఒచెన్, వండేరా అనే ఇద్దరు మేస్త్రీలు చనిపోయారు. వాళ్ళకి మధ్యాహ్నం బువ్వ తెచ్చిన నల్వెయిసో అనే ఆవిడ కూడా, గిన్నెల బుట్టతో సహా.

సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. “రేడియోలో చెప్పారు. మీ ఆఫీసు ప్లానేనంటగా?”

“అవును నాన్నా.”

“ఆ మేస్త్రీలు ఏమన్నా తక్కువ కట్టారా? నిజం చెప్పమ్మా. మావాళ్ళ మీదకే తోస్తారు.”

“లేదు నాన్నా. అంకె చూసే కట్టారు.”

ఆయన ఫోన్ పెట్టేశాడు.

విచారణ జిల్లా ఆఫీసులో. ముందురోజు బ్యాముకామా ఆమెని పిలిచి నెమ్మదిగా చెప్పాడు. “పాత ప్లానులో గీత మూడు వందలకే ఉంది. ముసలాయన గీత ఒకటి గీసి, అంకె ఇంకోటి రాశాడు. తప్పు ఆయనది. ఆ గుర్తేంటో నీకు తెలీదు, నీకెవరూ నేర్పలేదు. అంతే చెప్పు.”

“ఆయన్ని ఏం చేస్తారు సార్?”

“పాఠం ఎత్తేశాక రిటైరైనాయన్ని ఏం చేస్తారమ్మా? పేరు పోతుంది. నీకు అసలు పేరే ఇంకా రాలేదు. ఆలోచించుకో. జైలుకి పోయే వయసు కాదు నీది.”

విచారణ గదిలో లుబ్వామా గోడవార బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్ళో ఆ పాత చుట్ట. అంతకుముందే అధికారి ఆయన్ని గంటసేపు ప్రశ్నలడిగాడు. గీతకీ అంకెకీ ఎందుకు పొంతన లేదని. ఆయన చెప్పినది ఆ గదిలో ఎవరికీ అర్థమైనట్టు లేదు. చేత్తో గీసేవాళ్ళెవరూ అక్కడ లేరు మరి.

అధికారి నబుకేరా వైపు తిరిగాడు. “ఇలాంటి గుర్తు ఒకటుందని ఈయనంటున్నాడు. నువ్వెప్పుడైనా విన్నావా?”

బ్యాముకామా ఆమెనే చూస్తున్నాడు.

నబుకేరా పెన్సిలు అడిగింది. గుమాస్తా ఇచ్చాడు. కాగితం మీద దూలం గీసింది, పక్కన 450 అని రాసింది. స్కేలు లేకుండానే దాని కింద తిన్నగా గీత కొట్టింది. ఏడు నెలలుగా పెన్సిలు పట్టని చెయ్యి అది.

“అంకె కింద గీత ఉంటే అంకే నిజం. బొమ్మ కాదు.”

“నీకెవరు నేర్పారు?”

“జాజా. మొదటి ఏడాదిలోనే.”

“అంటే మూడు వందలని వదిలేసిన రోజున నీకు ఇది తెలుసు.”

“తెలుసు.”

గుమాస్తా రాసుకున్నాడు. బ్యాముకామా లేచి ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. బయట కానిస్టేబుల్ ఉన్నాడని, వెళ్ళేముందు సంతకం పెట్టాలని అధికారి చెప్పాడు. నబుకేరా సంతకం పెట్టింది.

తలుపు దాకా వెళ్ళి ఆగింది. బెంచీ ముందు సిమెంటు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, “ఎలా ఉన్నారు జాజా?” అని పలకరించింది.

ఆయన ఒళ్ళో చుట్టని విప్పాడు. మధ్య దూలం దగ్గర వేలు పెట్టి చూస్తూ ఉండిపోయాడు. పెద్దవాళ్ళు బదులు పలికేదాకా మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు లేవకూడదు. గది ఖాళీ అయింది. జనం ఆమెని చుట్టి తప్పుకుంటూ పోయారు. కానిస్టేబుల్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆమె అలాగే ఉంది.